రెండు బంతుల భోజనం

ఆసుపత్రి వంటగదిలో ఆవిడను అందరూ గరిటక్క అంటారు. పెద్ద డాక్టరుకూ గరిటక్కే, వరండాలు తుడిచేవాళ్ళకూ గరిటక్కే. మూడు వార్డులకు సరిపడా పప్పు ఉడికించమంటే కళ్ళు మూసుకుని ఉడికిస్తుంది. అదే మనిషికి ఇంట్లో ముగ్గురికి వండాల్సి వస్తే తల ప్రాణం తోకకొస్తుంది. వంట రాక కాదు. తను పోగా మిగిలిన ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

ఇద్దరూ ఆవిడ తోడబుట్టినవాళ్ళే. అన్నయ్య బస్సు డ్రైవరు. పెళ్ళీ పెటాకులూ లేవు. బస్సునే కట్టుకున్నాడని చెల్లెలు ఎత్తిపొడుస్తుంది. చెల్లెలు బట్టలు కుడుతుంది, మెడలో టేపు తియ్యకుండానే అన్నం తింటుంది. ఆ చెల్లెలి మొగుడు పోయిన రోజు అన్నయ్య దూరపు రూటులో ఉన్నాడు. మర్నాడు పొద్దున ఖాకీ బట్టల్లోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జనంతో ఉన్న బస్సును నడిరోడ్డు మీద వదిలేసి ఎలా రానమ్మా అన్నాడు. ఆ మాట ఏడుపు గొంతుతో అన్నాడని గరిటక్కకు తెలుసు, పక్కనే ఉంది కనుక. చెల్లెలి చెవికి మాత్రం అది సంజాయిషీలా వినబడింది. అయితే ఆ బస్సు దగ్గరకే పో అని తలుపేసేసింది. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. ఒక తల్లి కడుపున పుట్టారనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మధ్యలో నలిగిపోయింది గరిటక్క. ఏటా పెద్ద సెలవు రోజున అందరినీ కూర్చోబెట్టి అన్నం పెట్టడం అమ్మ నాటి అలవాటు. అమ్మ పోయాక ఆ బాధ్యత ఈవిడ నెత్తిన పడింది. ఆవిడ మొగుడు ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు, సెలవు రోజున ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటాడు కాబట్టి ఆయన సాయం శూన్యం. రోజూ జనానికి బంతులు బంతులుగా వడ్డించే మనిషి కదా, ఆవిడకు ఒక ఉపాయం తట్టింది. అన్నయ్యకు మధ్యాహ్నం మొదటి బంతి, ఆయన తిని వెళ్ళాక చెల్లెలికి రెండో బంతి. చెల్లెలు ఎప్పుడైనా తొందరపడి ముందే వస్తే గరిటక్క నేర్పినట్టే గుమ్మం బయట చూసుకునేది. అన్నయ్య నల్ల బూట్లు కనబడ్డాయంటే చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి, వీధి చివర బేకరీలో కూర్చునేది. బూట్లు లేకపోతేనే లోపలికి అడుగు. ఒకరు లేచిన కుర్చీలోనే ఇంకొకరు కూర్చునేవారు. కుర్చీ వేడి కూడా ఆరేది కాదు.

ఈ ఏర్పాటు ఏళ్ళ తరబడి నిక్షేపంలా సాగింది. మాటామాటా అనుకున్నది లేదు, కన్నీళ్ళు లేవు. గరిటక్క తన తెలివికి తనే మురిసిపోయిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలివి మీద మన్ను పొయ్యాలనిపిస్తోంది. వాళ్ళిద్దరికీ ఒకచోట కూర్చోవలసిన అవసరమే లేకుండా చేసింది తనే కదా.

ఒక్కసారి మాత్రం కలపబోయింది. అన్నయ్యకు గుండెనొప్పి వచ్చిందని చెల్లెలికి కబురు పెట్టింది. పాపం, ఆ పిచ్చిది కుడుతున్న గుడ్డ చేతిలో పట్టుకునే, గుండుసూదులు నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే అన్నయ్య టీవీ ముందు కాళ్ళు బారజాపుకుని వేయించిన వేరుశనగలు కటకటా నములుతున్నాడు. ఆ రోజు చెల్లెలు నోట్లోంచి ఒక్కొక్క సూదీ తీసి గుడ్డకు గుచ్చుకుని, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఈ ఏడు గుండె కాదు, గొంతు. అబద్ధం కాదు, నిజం.

మింగితే ఏదో గుచ్చుకుంటోందని అన్నయ్య గరిటక్క పనిచేసే ఆసుపత్రికే వచ్చాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. సెలవు దాటగానే ఆపరేషన్. ఆ తర్వాత నోటితో తినడం ఉండదు, పొట్టలోకి గొట్టం వేస్తారు. గొట్టం భోజనం ఎలా ఉంటుందో గరిటక్కకు ఒకరు చెప్పక్కర్లేదు. రోజూ తనే ఉడికించి, మెదిపి, వడగట్టి, సీసాల్లో పోసి పై అంతస్తుకు పంపుతుంది. ఉప్పు సరిపోయిందా అని ఆ సీసాలను ఎవరూ అడగరు. పంపాల్సిన సీసాల్లో ఒకటి తగ్గిందంటే ఎందుకు తగ్గిందని వంటగదిలో కూడా ఎవరూ అడగరు.

ఆ సాయంత్రం వంటగది వెనక మెట్ల మీద అన్నయ్యా, గరిటక్కా కూర్చున్నారు. చెల్లికి చెబుతానంది గరిటక్క. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"జాలిపడి వచ్చే మనిషి నాకొద్దే. రావాలనిపించి రావాలి. నువ్వు నోరు జారావంటే నా మీద ఒట్టే."

ఆపరేషన్ ముందు పెట్టుకుని మనిషి తన మీదే ఒట్టు వేస్తే దాన్ని ఎవరు తప్పుతారు? గరిటక్క నోరు అక్కడితో కుట్టేసినట్టయింది. కానీ చేతులను ఎవరూ కట్టెయ్యలేదు. ఈ ఏడు ఒకే బంతి వెయ్యాలనుకుంది. ఇద్దరికీ ఒంటిగంటకే రమ్మని చెప్పింది, రెండోవాళ్ళ ఊసెత్తకుండా. ఎదురుపడితే కూర్చుంటారు, కూర్చుంటే తింటారు, తింటే మిగతాది అదే చూసుకుంటుంది. ఆవిడ గంపెడాశ అంతా ఇంతే.

ఇక ఏం వండాలనేది పెద్ద చిక్కయింది. అన్నీ అన్నయ్య గొంతు దిగాలి, అలాగని చెల్లెలి కంటికి రోగి తిండిలా కనబడకూడదు. ఆ కళ్ళు మామూలు కళ్ళా, చూపుతోనే నడుము కొలత చెప్పే కళ్ళు. కోడిమాంసం ఎముకలన్నీ ఏరేసి సూపు పెట్టింది. బంగాళాదుంపలు వెన్నలా మెదిపి, వేయించిన ఉల్లిపాయలు గిన్నెలో చెల్లెలు కూర్చునే వైపు మాత్రమే చల్లింది. అన్నం ఒక ఉడుకు ఎక్కువ, పప్పులో మిరపకాయలు తక్కువ. తీపికి కస్టర్డ్, అందులో బాగా మగ్గిన అరటిపళ్ళు. ప్రతిదీ పళ్ళు తగలనియ్యకుండా నాలుకతోనే అంగిటికి నొక్కి చూసుకుంది. ఇంట్లో ఉన్నవి రెండు కుర్చీలే. ఇన్నేళ్ళూ అవి చాలాయి. పక్కింటికి వెళ్ళి మూడో కుర్చీ అడిగి తెచ్చుకుంది.

అన్నయ్య ముందుగానే వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు, చొక్కా కాలరు మెడ చుట్టూ వదులైపోయింది. మూడో కుర్చీ చూశాడు, గరిటక్క మొహం చూశాడు. ఏమీ అడక్కుండా వెళ్ళి గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ గుమ్మానికి వీపు పెట్టి కూర్చునే మనిషి ఇలా కూర్చోవడం గరిటక్క గమనించింది, ఆవిడకు లోపల సంతోషం పొంగుకొచ్చింది. కాసేపు ఆగుదామా అంటే ఆగుదాం అన్నాడు. ఆగుతూ ఆగుతూ సూపు మాత్రం కొంచెం పోయించుకున్నాడు. ఒక్కో చెంచా మింగడానికి కళ్ళు గట్టిగా మూసుకుంటున్నాడు. బాగుందే అని మధ్యలో ఒకసారి అన్నాడు.

అప్పుడే గరిటక్క ఫోను మోగింది. చెల్లెలి మెసేజి. "బూట్లు ఉన్నాయి. బేకరీలో కూర్చున్నా. ఆయన వెళ్ళాక చెప్పు."

గరిటక్క నుదురు కొట్టుకుంది. ఉల్లిపాయలు ఎటు చల్లాలో ఆలోచించింది, కుర్చీ ఎవరింటి నుంచి తేవాలో ఆలోచించింది, గుమ్మం బయటి బూట్లు లోపల పెట్టాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆ బూట్ల భాష తను నేర్పిందే, చెల్లెలు తు.చ. తప్పకుండా పాటించింది. పెరుగు అయిపోయిందని అన్నయ్యకు అబద్ధం చెప్పి, ఆవిడ మెట్లు దిగి పరుగెత్తింది.

బేకరీలో చెల్లెలు గోడవారగా ఖాళీ టీ గ్లాసు ముందు కూర్చుని ఉంది. ఏమీ తినలేదు, అక్క వంట కోసం ఆకలి దాచుకుంది. అక్కను చూడగానే వెళ్ళిపోయాడా అని లేవబోయింది. వెళ్ళలేదంది గరిటక్క. పైకి రమ్మంది, ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటే చాలంది, మాట్లాడకపోయినా పర్లేదంది. ఎందుకని అడిగింది చెల్లెలు. గరిటక్క నీళ్ళు నమిలింది. ఒట్టు ఒక పక్క, చేజారిపోతున్న పూట ఒక పక్క. చివరికి సగం ఒట్టు తప్పింది.

"అన్నయ్యకు ఒంట్లో బాగాలేదే."

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. ఒక్క క్షణం నమ్మినట్టే ఉంది. తర్వాత ఆ మొహం మూసుకుపోయింది.

"నన్ను మళ్ళీ వెర్రిదాన్ని చెయ్యకక్కా. ఆ రోజు దారంతా నేను ఎలా వచ్చానో నీకు తెలీదు."

అబద్ధానికి పరుగెత్తుకొచ్చిన మనిషి నిజానికి కదల్లేదు. తప్పెవరిదంటే చెల్లెలిది కాదు. గరిటక్క ఉత్త చేతులతో, పెరుగు కూడా కొనకుండా తిరిగి మెట్లెక్కింది.

లోపల అన్నయ్య చెంచా కింద పెట్టేసి ఉన్నాడు. ఖాళీ చేతుల వంక చూసి, బేకరీలోనే ఉందా అని అడిగాడు. గరిటక్క నిర్ఘాంతపోయింది. నీకు తెలుసా అంది. ఎప్పట్నించో తెలుసన్నాడు. కిటికీలోంచి ఆ బేకరీ అద్దం కనబడుతుందట. అందుకే ఏటా గబగబా తినేసి లేచిపోతాడట. ఈసారి గబగబా తినడం చేతకాలేదు.

అన్నం ఇంకా ముట్టుకోలేదు. బంగాళాదుంపల గిన్నె మూత తియ్యలేదు. ఆయన బల్ల పట్టుకుని లేచాడు. కూర్చో అన్నయ్యా, అది ఆగుతుందిలే అని గరిటక్క చెయ్యి పట్టుకుంది.

"ఆకలికి ఆగలేదే అది. చిన్నప్పట్నించీ అంతే. నేను లేస్తేగానీ దాని కడుపు నిండదు."

కస్టర్డ్ అయినా తిని వెళ్ళమంటే నిలబడే రెండు చెంచాలు నోట్లో వేసుకున్నాడు. రెండోది మింగడానికి చాలాసేపు పట్టింది. మిగిలింది దానికే పెట్టు, తీపంటే దానికి ప్రాణం అన్నాడు. బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకోకుండానే మెట్లు దిగాడు. వీధిలో బేకరీ ఉన్న వైపు కాకుండా చుట్టుదారిన వెళ్ళాడు.

చెల్లెలు వచ్చేటప్పటికి గుమ్మం బయట ఏమీ లేవు. నిస్సంకోచంగా లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, అన్నయ్య లేచిన కుర్చీలోనే కూర్చుంది. ఆకలి మీద ఉందేమో రెండుసార్లు వడ్డించుకుంది. ఉల్లిపాయలు మెచ్చుకుంది. సూపు తాగుతూ, అన్నీ ఇంత మెత్తగా వండావేంటక్కా, ఆసుపత్రి అన్నం ఇంటికి మోసుకొచ్చావా అని ఆటపట్టించింది. కస్టర్డ్ గిన్నె అడుగు దాకా గీకి తిన్నది. గరిటక్క ఎదురుగా కూర్చుని, ఒక్కో ముద్దా ఎంత తేలిగ్గా దిగిపోతోందో చూస్తూ ఉంది. అంత తేలికైన పని అంత కష్టంగా ఎవరికీ కనబడి ఉండదు.

వెళ్ళేముందు చెల్లెలు మూడో కుర్చీ గురించి అడిగింది. పక్కింటివాళ్ళది, ఇచ్చెయ్యాలంది గరిటక్క. దారిలోనే కదా, నేనిచ్చి వెళ్తానని చెల్లెలు కుర్చీ చేత్తో ఎత్తుకుంది. గుమ్మంలో ఆగి, వచ్చే ఏడు ఎప్పటిలాగే రెండో బంతికే పిలవమనీ, ఈ ఒంటిగంట గొడవలు పెట్టొద్దనీ చెప్పింది.

"వచ్చే ఏడు నీకెప్పుడు ఆకలేస్తే అప్పుడు రా" అంది గరిటక్క. "ఒకటే బంతి."

చెల్లెలు నవ్వింది. "ఏం, మహారాజుగారు రారా?"

గరిటక్క బల్ల మీది గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. అక్క నీళ్ళు నమలడం చెల్లెలికి కొత్త కాదు, అందుకని జవాబు కోసం ఆగలేదు. పక్కింటి తలుపు కొట్టి, కుర్చీ అప్పజెప్పి, చాలా ఉపయోగపడిందండీ అని వాళ్ళకు చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.