ఎడారి ఊట దగ్గర పన్నెండు సీసాలు

కాలిఫోర్నియాలో మేముండే డబ్లిన్ నుంచి ఎనిమిది గంటలు కారులో వెళ్లి చూసిన ఒయాసిస్సు మా వంటింటి కుళాయిలో పదో వంతు. ఊరికే అనడం లేదు. రాతి సందులోంచి జారే ధార కింద పావు లీటరు స్టీలు గ్లాసు పట్టాను. నిండడానికి ఇరవై రెండు సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి ఆరువందల ఎనభై మిల్లీలీటర్లు. పక్కనే తాగవద్దని బోర్డు.

ఈ ప్రయాణం మా ఆఫీసు మిత్రుడి పుణ్యం. ముందు ఫొటోలు చూసి, తర్వాత దారి వెతికే మనిషి. ఊట నుంచి ఒకే వరుసలో సాగిన తాటిజాతి చెట్లను చూసి, “నీట్‌గా ప్లాంట్ చేశారు, డ్రిప్ వేసుంటారు” అన్నాడు. ఆ వరుస భూమిలోని పగులు గీత అని చెప్పాను. పగులు వెంట రాళ్లు ఒరుసుకుని బంకమట్టిగా మారతాయి, కొండ కింది నీరు ఆ మట్టిని దాటలేక పైకి ఉబుకుతుంది. సగం విని సెల్ఫీ తీసుకున్నాడు.

నీళ్ల లెక్క మాత్రం నాది. నలుగురం: అతను, వాళ్లమ్మగారు, నేను, నా భార్య. అర లీటరు సీసాలు పన్నెండు, మనిషికి మూడు. సంచీ అతను మోశాడు. ఏది చల్లగా ఉందో చూడటానికి దారి పొడవునా ఒక్కో సీసా మూత తీసి, ఒక్కో గుటక మింగి, మళ్లీ సంచీలో పడేశాడు. చదువుకున్నవాడే.

ఊట దగ్గరకు చేరేసరికి పెద్దావిడ చేతులు వణుకుతున్నాయి. కారు దిగినప్పటి నుంచి ఆవిడ చుక్క ముట్టలేదు. కారు గంట నడక దూరంలో ఉంది. కొడుకు ఇచ్చిన సీసాను ఆవిడ పక్కన పెట్టేసింది.

“అమ్మా, ఎమర్జెన్సీ. ఇక్కడెవరు చూస్తారు?”

“ఎవరో చూస్తారని కాదురా. ఎంగిలి నీళ్లు నాకు గొంతు దిగవు.”

ఊట వైపు చేయి చాపింది. ఉప్పునీళ్లని, జంతువులు తాగుతాయని చెప్పాను. “వాటికి ఎంగిలేమిటి నాయనా” అంది. సంచీలో దాదాపు నాలుగు లీటర్లు మిగిలాయి, ఆవిడ లెక్కలో సున్నా. నేను రాసుకున్న లెక్క కాగితంలో ఎంగిలికి గడే లేదు.

అప్పుడు నా భార్య తన సీసా తెచ్చింది. దాన్ని సంచీలో పెట్టకుండా మొదటి నుంచీ చేతిలోనే ఉంచుకుంది. ఎప్పుడూ ఎత్తిపోసుకునే తాగుతుంది. గుటకకు చెంచాడు గడ్డం మీదుగా కారిపోతోందని, ఎడారిలో ఇదేం పద్ధతని దారంతా నేను వెక్కిరిస్తూనే ఉన్నాను.

“ఇది మూతి పెట్టంది ఆంటీ” అంది.

ఆవిడ తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ధార తెగకుండా సీసా ఖాళీ చేసింది. కాసేపటికి చేతుల వణుకు తగ్గింది. మిత్రుడు దాన్నీ ఫొటో తీశాడు.

నా భార్య ఖాళీ సీసాకు మూత బిగించి నా వైపు తిరిగింది. “చెంచాలు ఎన్ని పోయాయో రాసుకున్నారా?” అంది.

నా చేతిలో సీసా ఉంది. అప్పుడే మూతి పెట్టి తాగాను.