బొంగు చివర ఆగిపోయిన డ్రిల్లు మాస్టారు

1944. నరసరావుపేటలో రైలుస్టేషను దారిలో నా ఫొటో స్టూడియో. యుద్ధం వల్ల మద్రాసు నుంచి ప్లేట్లు రావడం ఆగిపోయింది. ప్లేటంటే మందు పూసిన గాజు పలక. ఒకసారి వెలుతురు తగిలిందా, ఇక దాని మీద రెండో బొమ్మ పడదు. నా దగ్గర ఒక్కటే మిగిలింది. దాన్ని చీకటి గదిలో దాచి, వచ్చినవాళ్లందరికీ కెమెరాకు జ్వరమొచ్చిందని చెప్పి పంపేస్తున్నాను.

ఆ జ్వరాన్ని నమ్మనివాడు ప్రభుదాసు మాస్టారొక్కడే. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, నలభైకి దగ్గరపడ్డ మనిషి. ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి నా బల్ల మీద పరిచాడు. డ్రిల్లు నేర్పేవాళ్లందరికీ తెలిసిన బొమ్మే. ఎవరో తెల్లవాడు బొంగు ఊతంతో గాలిలోకి లేచి, ఎత్తున పెట్టిన అడ్డకర్రను దాటుతున్నాడు. పోల్‌వాల్ట్ అంటారు దాన్ని. ఒళ్లు విల్లులా వంగింది, చెయ్యి అప్పుడే బొంగును వదిలింది.

"అచ్చం ఇట్టాంటిది కావాలన్నా. తెల్లోడి జాగాలో నేను."

"ఎందుకు మాస్టారూ?"

"కాలేజీలో నేనిది దూకినోణ్ణి. పదేళ్ల నుంచి పిల్లకాయలకు చెప్తన్నా. మొన్న బోర్డు మీద 'కోతల మాస్టారు' అని రాశారు. దీని పక్కన నా బొమ్మ తగిలిస్తే ఇంక నోరెత్తరు."

కోతలు కోసేవాడికి సాక్ష్యం ఎంత అవసరమో ఆ పేటలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎత్తిపోతల జలపాతం దగ్గర చిరుతపులికి ఫొటో తీశాననీ, ప్లేటు కడుగుతుంటే అది గుర్రుమందనీ చెబితే ఇప్పటికీ ఒక్కడూ నమ్మడు.

అయినా తేలిక దారే చూపించాను. "బెంచీ మీద పడుకోండి. రీటచింగులో బెంచీ తీసేస్తా." రీటచింగంటే ప్లేటు మీద సన్న కత్తితో, పెన్సిలుతో చేసే దొంగపని.

"దూకినట్టు కాదన్నా, దూకాలి." కుడి మోకాలు తట్టుకున్నాడు. "డాక్టరు అసలు ఎగరొద్దన్నాడు. ఒక్కసారికి ఓర్చుకుంటది. అంతే."

మిగిలింది ఒక్క ప్లేటు, ఒక్క దూకుడు. ఒప్పుకున్నాను.

శనివారం పొద్దున పత్తిమిల్లు వెనక బయల్లో చేరాం. ఎనిమిదడుగుల ఎత్తున అడ్డకర్ర, దాని అవతల మెత్తగా గడ్డి, ఇవతల పరుగుకు గరుసు నేల. బండ్లు చేసే కాశిం భాయ్ బొంగు తెచ్చాడు. ఫోకస్ కోసం, అంటే బొమ్మ తేటగా పడే దూరం సరిచూడటం కోసం, అతన్నే నిచ్చెన ఎక్కించి అడ్డకర్ర దగ్గర అరచెయ్యి పెట్టించాను.

"మాస్టారూ, బొంగు మోస్తది," అన్నాడు కాశిం దిగుతూ. "మీరు మధ్యలో ఆలోచించమాకండి."

మాస్టారి భార్య మార్తమ్మ నన్ను పట్టుకుంది. "ఆయనకు మతి పోయింది సరే, నీకేమైందన్నా? రేపు మంచాన పడితే నీ ఫొటో వచ్చి గంజి కాస్తదా?"

"పక్కకు జరగవే," అన్నాడు మాస్టారు.

"జరగను." బొంగు గుచ్చే గుంట పక్కనే నడుం మీద చేతులు పెట్టుకు నిలబడింది.

నాది రోలర్ బ్లైండ్ షట్టర్. లెన్సు ముందు స్ప్రింగుతో బిగించిన నల్లగుడ్డ. దారం లాగితే సర్రున జారుతుంది. ఎంత బిగించినా పరుగెత్తే మనిషి దానికి పొగలాగే కనిపిస్తాడు. పైకి పోయినవాడు దిగబోయే ముందు రవ్వంత ఆగుతాడు. సరిగ్గా అక్కడే లాగాలి. దారం వేలికి చుట్టుకున్నాను.

మాస్టారు పరుగందుకున్నాడు. బొంగు గుంటలో దిగింది. కాళ్లు నేల వదిలాయి. సరిగ్గా అప్పుడు, నా ముందు కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ఇరవయ్యేళ్లుగా చెబుతున్న మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"కదలొద్దు!"

ఏటా స్కూలు గ్రూపు ఫొటోలో నా మాట విని నిలబడిన మనిషి. విన్నాడు. పైకి విసరాల్సిన కాళ్లు బిగుసుకుపోయాయి. బొంగు నిట్టనిలువుగా లేచి ఆగిపోయింది. దాని చివర, అడ్డకర్రకు ఇవతలే, మాస్టారు. కిర్రుమంది బొంగు. ముందుకు వాలితే గడ్డి. వెనక్కి వాలితే గరుసు నేల మీద నడుం. వెనక్కే వాలడం మొదలైంది.

నేను దారం లాగాను. ఆ తరవాతే పరుగెత్తాను.

నాకంటే ముందు మార్తమ్మ రెండు చేతులూ బొంగుకు ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నెట్టింది. మాస్టారు, బొంగు, అడ్డకర్ర అన్నీ కలిసి గడ్డిలో పడ్డాయి.

"మోకాలుందా?" అని అరిచింది.

"ఉన్నట్టే ఉందే," అంది గడ్డి.

ఆవిడ నా వైపు తిరిగింది. "ముందు ఫొటో తీశావా, ముందు పరుగెత్తావా?"

"షట్టర్ దానంతటదే పడిందమ్మా," అన్నాను.

ప్లేటు కడిగితే బొమ్మ నిలువునా తేటగా వచ్చింది. బొంగు చివర మాస్టారు, గ్రూపు ఫొటోలోలాగే రెప్పవేయకుండా నా లెన్సులోకి చూస్తున్నాడు. కింద మార్తమ్మ మసగ్గా, చేతులు బొంగు మీద.

"అడ్డకర్రను కిందికి దించేస్తా మాస్టారూ. మార్తమ్మను చెరిపేస్తా. దాటినట్టే ఉంటది," అన్నాను కత్తి తీస్తూ.

"నన్ను చెరిపేస్తే ఆయన్ను ఎవరు నిలబెట్టారంట?" అంది మార్తమ్మ.

మాస్టారు ప్లేటు వెలుతురుకు పట్టి చూశాడు. పదేళ్ల మాట ఆ కత్తి మొనమీద ఉంది. "గీకమాకన్నా. ఉన్నదున్నట్టు ప్రింటు కొట్టు," అన్నాడు.

డ్రిల్లు గదిలో రెండు బొమ్మలూ తగిలించిన రోజు నేనూ వెళ్లాను. పిల్లలు మూగారు. "దాటారా సార్?"

"లేదురా. పైదాకా పోయి ఆగిపోయా. మా ఆవిడ నెట్టకపోతే నడుం ఇరిగేది."

"మరి కాలేజీలో?"

"దాటా."

ఒక్కడూ నవ్వలేదు.

ఓడిన సంగతి దాచని మనిషి గెలిచానంటే జనం సాక్ష్యం అడగరని ఆ గదిలో నేర్చుకున్నాను. నేర్చుకున్నది వేడిగా ఉండగానే మార్తమ్మ ఇంటికి వెళ్లి, షట్టర్ దానంతటది పడలేదనీ, ముందు దారమే లాగాననీ చెప్పాను.

ఆవిడ జొన్నలు చెరుగుతూ తలెత్తలేదు. "తెలుసులే అన్నా. ముందు పరుగెత్తి ఉంటే ఆ ఫొటోలో నా పక్కన నువ్వూ ఉండేవాడివి."