కుట్టుగదికి ఏ ఆకుపచ్చ?

బంటుమిల్లిలో ఝాన్సీలక్ష్మి దగ్గర జాకెట్టు కుట్టించుకుంటే దారం ఎక్కడుందో వెతుక్కోవాలి. అంతగా గుడ్డలో కలిసిపోయేది. ఎవరి దగ్గరా నేర్చుకున్న విద్య కాదు. బందరు నుంచి తెప్పించుకున్న దారపుండలన్నీ ముందేసుకుని, కళ్లతోనే నేర్చుకుంది.

చిక్కల్లా ఆమె కుట్టుగదితో వచ్చింది. సున్నం గోడల మీద మధ్యాహ్నపు ఎండ కొట్టి, సాయంత్రానికి కళ్లు మండేవి. తొంభై ఏడు వేసవిలో, గోడలకు లేత ఆకుపచ్చ వేయిద్దామని పెయింటరు నతానియేలును పిలిచింది.

అప్పట్లో తెల్ల డిస్టెంపరులో రంగు చుక్కలు చుక్కలుగా వేసి, చేతి అంచనాతో కలిపేవారు. గదికి సరిపడా ఒకేసారి కలపాలి. మధ్యలో చాలకపోతే మళ్లీ అదే రంగు రాదు. అందుకే నతానియేలు ముందు రెండు రకాలు కలిపి, గోడ మీద పక్కపక్కనే జానెడేసి పూసి చూపించాడు. ఒకదానిలో కాస్త పసుపు ఛాయ, రెండోదానిలో కాస్త నీలం. పక్కపక్కన ఉండబట్టి తేడా తెలిసింది గానీ, విడిగా చూస్తే రెండూ ఒకటే.

మొదటిదైతే గదికి కళ వస్తుందన్నాడు నతానియేలు. ఆర్టీసీలో కండక్టరు చేసే ఆమె భర్త ధర్మారావు కూడా దానికే ఓటేశాడు. నిజానికి ఆమెకూ అదే నచ్చింది. కానీ మిషను గోడ పక్కనే. గోడ రంగు గుడ్డ మీద పడితే, తను తీసే దారం తప్పుతుందేమోనని ఆమె భయం. ఒకటి రెండు జాకెట్లు అలా తప్పితే చాలు, ఆడవాళ్లు బందరు బస్సెక్కేస్తారు.

"అన్నయ్యా, ఈ జానెడు చాలదు. రెండు పెద్ద అట్టల నిండా పూసి ఇస్తారా?" అని అడిగింది.

"గోడకి రంగు చూడమంటే పెళ్లిచూపులు పెట్టిందండీ మా ఆవిడ," అన్నాడు ధర్మారావు.

నతానియేలు నవ్వాడే గానీ విసుక్కోలేదు. కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు తెచ్చి, విప్పి, ముందు తెల్లరంగు పట్టించి, దాని మీద రెండు ఆకుపచ్చలూ పూసి ఎండబెట్టాడు.

ఆమె మొదటి అట్టను మిషను పక్కన నిలబెట్టి, ఫాల్ కుట్టమని వచ్చిన ఒక గంధం రంగు చీర పరిచింది. దానికి దగ్గరగా ఉన్న దారాలన్నీ వేసి చూసి, ఒకటి తీసింది. గదిలో చక్కగా కలిసిపోయింది. చీరా దారమూ పట్టుకుని రోడ్డు మీదకు వెళ్లింది. ఎండలో దారం పసుపుగా తేలిపోయింది.

అట్ట మార్చింది. ఈసారి చేయి వేరే ఉండ మీదకు వెళ్లింది. దాన్ని ఎండలో పెడితే చీరలో దారం కనపడలేదు. తొందరపడకుండా మీగడ రంగు చీరతో, లేత గులాబీ చీరతో కూడా అలాగే చూసింది. అప్పటికి ధర్మారావు వేళాకోళం మాని, చీర కొంగు పట్టుకుని తనూ రోడ్డు మీద నిలబడ్డాడు.

"రెండోదే వేయండి," అంది.

"కాస్త డల్‌గా ఉంటుందేమోనే," అన్నాడు ధర్మారావు.

"గోడ ఎలా ఉన్నా పర్లేదండీ. గుడ్డ మాత్రం దాని రంగులో అది కనపడాలి."

నతానియేలు పెద్ద డ్రమ్ములో రంగు కలిపి, చిన్న అట్టముక్క మీద పూశాడు. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, తువ్వాలుతో విసిరి ఆరబెట్టి మరీ తెచ్చాడు. ఝాన్సీలక్ష్మి దాన్ని పెద్ద అట్టకు ఆనించి, గుమ్మంలో నిలబడి చూసింది. ఒక పిసరు ముదిరిందంది. ఆయన వాదించలేదు. చెంబెడు తెలుపు పోసి, అడుగు నుంచి కలిపి, ఇంకో ముక్క పూసి, ఆరబెట్టి తెచ్చాడు.

ఈసారి రెండు అట్టల మధ్య అతుకు ఆమె కంటికి ఆనలేదు. నతానియేలు కూడా వంగి చూశాడు. ఆయనకూ ఆనలేదు.

"ఇక వేసేయండి అన్నయ్యా," అంది.

ఆయన మిషను పక్క గోడతో మొదలుపెట్టాడు.