అత్తమ్మ దగ్గర బొంత కుట్టడం నేర్చుకున్న మూడు నెలలు

వానలో ఫలక్‌నుమా బ్రిడ్జి దిగుతుంటే బండి జారి నా కాలు విరిగింది. మోకాలి కింద రాడ్డు వేశారు. మూడు నెలలు కాలు మోపొద్దన్నారు. గౌలిపురలో మాది రెండో అంతస్తు. గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి కూడా పక్కకు తిరిగి ఎక్కాల్సినంత ఇరుకు మెట్లు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఇద్దరు మనుషులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. ఆ తర్వాత డాక్టరుకు చూపించుకోవడానికి రెండుసార్లు తప్ప కిందికి దిగింది లేదు.

నేను సిటీ బస్సులో కండక్టర్‌ని. రోజంతా తిరిగే మనిషికి ఒక మంచం, ఒక కిటికీ మిగిలాయి. కిటికీ తెరిస్తే చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో ఎదురింటి గోడ. దాని మీద పెచ్చులూడిన చోట్లు ఎన్నో, ఏది ఎంత పెద్దదో నాకు వారంలో కంఠతా వచ్చేసింది.

నా భార్య ఒక బడిలో ఆయా. ఆమె పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, మా అత్తమ్మా. మామయ్య పోయాక ఆమె మా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. అయినా మేం సరిగ్గా మాట్లాడుకున్నది లేదు. నేను డ్యూటీ దిగి రాగానే ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయేది. అల్లుడి ముందు కూర్చోకపోవడం ఆమె మర్యాద. ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా ఆమెనే పిలవాలి. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే వాకర్ ఆమే అందించాలి. ఆ సిగ్గుతో నేను మధ్యాహ్నాలు దాహమైనా ఓర్చుకునేవాణ్ని.

రెండో వారంలో ఒకరోజు ఆమె పాత నూలు చీరలు తెచ్చి నా మంచం పక్కన నేల మీద పరిచింది. ఒకదాని మీద ఒకటి నాలుగు. ముడతలు అరచేత్తో సాపు చేసి, జరగకుండా పెద్ద పెద్ద కుట్లు వేసింది. తర్వాత సూది పట్టుకుని చాలాసేపు తంటాలు పడి, మొహం పక్కకు తిప్పుకుని నా వైపు చెయ్యి చాపింది.

"జర దారం ఎక్కియ్యి అల్లుడా. కండ్లు కనబడ్తలేవు."

ఎక్కించి ఇచ్చాను. గంటలో ఐదుసార్లు ఎక్కించాక అడిగాను. "ఎందుకు అత్తమ్మా గీ తిప్పలు? బజార్ల దుప్పట్లు దొరుకుతలేవా?"

"చేతులు ఊకుంటే నెత్తి ఊకోదు బిడ్డా," అంది.

నా నెత్తి ఊరుకోక అప్పటికే రెండు వారాలు. మర్నాడు నేనే ఒక సూది అడిగి తీసుకున్నాను. ఆమె బొంత అంచును మంచం మీదికి ఎత్తి నా ఒళ్లో పెట్టింది. వేలెడు ఎడంతో వరసలు, బియ్యపు గింజంత కుట్టు. చూస్తే ఏముందనిపించింది. నాలుగు పొరల్లోంచి సూది దింపితే తెలిసింది. పైన గింజంత కుట్టు, కింద చింతగింజంత. దారం గట్టిగా లాగితే బట్ట కుచ్చులు పడేది, వదిలితే ఉచ్చులా వేలాడేది. సాయంత్రానికి నా వేళ్ల నిండా సూది పోట్లే.

కింద దుకాణం ఉన్న టైలర్ భాయ్ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు బొంతను గబగబా దిండు కింద తోశాను. అంచు బయటే ఉండిపోయింది. ఆయన దాన్ని లాగి, వెలుతురుకు పట్టి చూసి, "హాత్ నరమ్ రఖో భాయ్, కపడే సే లడో మత్," అన్నాడు. చెయ్యి వదులుగా పెట్టు, బట్టతో కొట్లాడకు అని. ఎగతాళి చెయ్యలేదు. అయినా ఆయన మెట్లు దిగే చప్పుడు వింటూ, ఆ మెట్లు దిగే కాళ్ల మీద నాకు అసూయ కలిగింది.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం పట్టుదలగా రెండు వరసలు పూర్తి చేశాను. కుట్టు అంత తిన్నగా ఎప్పుడూ రాలేదు. అత్తమ్మకు చూపిద్దామని బొంత ఎత్తితే దానితో పాటు పరుపు మీది దుప్పటి కూడా లేచింది. రెంటినీ కలిపి కుట్టేశాను.

ఏమైందో నాకే తెలియదు. సూదీ, బొంతా, దుప్పటీ అన్నీ గోడకేసి కొట్టాను. "నాతోని కాదు! గీ అర్రల పడి సచ్చిపోతున్న. ఒక్కపారి కిందికి దిగితె చాలు, ఇగ జన్మల ఎక్క!" అని అరిచాను.

ఆమె గోడ పట్టుకుని మెల్లగా వెళ్లి బొంత తెచ్చుకుంది. నేల మీద సూది వెతికి గుండీల డబ్బాలో వేసింది. బ్లేడుతో నా కుట్లు ఒక్కొక్కటే తెంపుతూ, తల ఎత్తకుండానే అంది.

"నువ్వు ఇంకో రెండు నెలలకు దిగుతవు బిడ్డా. నేను దిగి మూడేండ్లయింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె మోకాళ్ల నొప్పులు తెలుసు, మందులు నేనే తెచ్చేవాణ్ని. పండక్కో పెళ్లికో పిలిస్తే "మీరు పోయి రాండ్రి" అనేది. రావడం ఇష్టం లేదేమో అనుకున్నాను. మూడేళ్లు ఆ మెట్లు రోజూ ఎక్కి దిగాను. ఆమె దిగడం లేదన్నది ఒక్కసారి కూడా నా కంట పడలేదు.

"మరి చెప్పలేదేంది అత్తమ్మా?"

"చెప్తే ఏం జేస్తవు, మెట్లు ఇరగ్గొడ్తవా?" అని నవ్వి, డబ్బాలోంచి సూది తీసి నా చేతికిచ్చింది.

ఆ రోజు నుంచి కొంగు నెత్తి మీదికి లాక్కోవడం మానేసింది. నేను బొంతలో నా సగం కుట్టాను. ఆమె సగం చదునుగా ఉంటే నాది గతుకుల రోడ్డు. విప్పి మళ్లీ కుడతానంటే వద్దంది.

కాలు బాగై మళ్లీ డ్యూటీలో చేరిన నెలకు, ఒక ఆదివారం నేనూ టైలర్ భాయ్ కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించాం. దుకాణం ముందు గంటసేపు కూర్చుని, చాయ్ తాగి, వచ్చేపోయే బండ్లన్నీ చూసింది. ఎక్కించేటప్పుడు మలుపులో కుర్చీ ఇరుక్కుంది. ఆమె భయంతో నా కాలర్ పట్టుకుంది. నా కాలు వణకడం ఆమెకు తెలిసింది.

"మల్ల వద్దు బిడ్డా. నీ కాలు పోతది," అంది పైకి చేరాక.

అప్పటి నుంచి కింది అంతస్తు ఇల్లు వెతుకుతూనే ఉన్నాం. ఒకటి చూస్తే గోడల నిండా చెమ్మ, ఇంకొకటి చూస్తే వాకిట్లోనే నాలుగు మెట్లు. ఆమె ఇంకా పైనే ఉంది. మరో బొంత మొదలుపెట్టింది. డ్యూటీ దిగి రాగానే పది సూదులకు దారం ఎక్కించి, దిండుకు వరసగా గుచ్చి పెడుతున్నాను.