జాలిపల్లిలో వేయని బోరు

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో, కండక్టరు పేరు పెట్టి అరవని ఊళ్లు కొన్ని ఉన్నాయి. దిగేవాళ్లే ముందుగా లేచి డ్రైవరు వెనక నిలబడతారు. జాలిపల్లి అట్లాంటి ఊరు. నూట అరవై గడపలు, రెండు గుట్టలు, వాటి మధ్య ఎర్రనేలలో శెనక్కాయ చేలు. ఆ ఊళ్లో ఉలిగప్ప నీళ్లు చూసేవాడు. బోరు వేయించేవాళ్లు ముందు ఆయన్ను పిలుచుకుపోతే, చేనంతా నడిచి ఎక్కడ పొడవాలో చెప్పేవాడు. ఇప్పుడాయనకు అరవై ఎనిమిదేళ్లు.

పనిముట్టు ఒక్కటే. పీచు తీసి పిలక మాత్రం ఉంచిన టెంకాయ. దాన్ని అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, చెప్పులు విడిచి నడుస్తాడు. కింద నీళ్లుంటే టెంకాయ పిలక పైకెత్తి నిటారుగా లేస్తుంది. ఇదేం శాస్త్రమని చదువుకున్నవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వినవాళ్లే తమ చేలో బోరు వేయాల్సి వచ్చినప్పుడు, ఇంజనీరు ఇచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, టెంకాయ చేతపట్టుకుని ఉలిగప్ప వాకిట్లో నిలబడ్డారు. ఇద్దరు దేవుళ్లకు మొక్కుకునే మనిషి రెండు శాస్త్రాలకు మొక్కుకోడా?

ఈ పనికి ఉలిగప్ప నాయన చెప్పిపోయిన కట్టడి రెండు మాటలే. టెంకాయ తెచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపకూడదు. టెంకాయ చెప్పినదాన్ని మార్చి చెప్పకూడదు.

ఆయన పని మొదలుపెట్టిన కాలంలో నూట ఇరవై అడుగులకే నీళ్లు ఎగజిమ్మేవి. తరువాత మూడు వందలు, ఆరు వందలు, చివరికి తొమ్మిది వందల అడుగులు. ఆ నేల కింద ఉన్నది రాయి. రాతి పగుళ్లలో ఏ తాతల కాలపు వాననీళ్లో కాస్త నిలిచి ఉంటాయి. వాటిని పదిమంది పదిచోట్ల పీల్చడమంటే ఒకే చెంబులో పది గొట్టాలు పెట్టి తాగడమే. ఉలిగప్పకు ఈ సంగతి పుస్తకంలో దొరకలేదు. సొంత బావమరిది ఓబుళప్ప చేలో నాలుగు చోట్ల టెంకాయ నిలబడింది. నాలుగు బోర్లలోనూ తెల్లటి రాతిపొడే లేచింది. ఓబుళప్ప ఆయన్ను ఒక్క మాట అనలేదు. హిందూపురంలో బెంగళూరు రైలెక్కి పోయి, ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఉలిగప్పకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఏడేళ్ల కిందట వానలు వరసగా మొహం చాటేసినప్పుడు ఊరు ఒక కట్టుబాటు చేసుకుంది. అప్పట్లో వార్డు మెంబరుగా ఉన్న హేమావతి ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది. ఊళ్లో పనిచేసే బోర్లు పదకొండు మిగిలాయి. కొత్తది ఎవరూ వేయకూడదు. ఉన్నవాళ్లు పైపులు వేసి, లేనివాళ్ల చేలకు అయిదు రోజులకొక తడి ఇవ్వాలి. ఆ రోజు ఎవరూ అడక్కుండానే ఉలిగప్ప లేచి, "ఊరి పొలిమేర లోపల నేనింగ టెంకాయ పట్టను" అని చెప్పి కూర్చున్నాడు. బయటి ఊళ్లకు పోవడం మానలేదు. జాలిపల్లిలో మాత్రం ఏడేళ్లు ఆయన చేతికి పని లేదు.

పెనుకొండ చుట్టుపక్కల కాలినడకన తిరిగినవాళ్లు పాత చెరువుల దగ్గర శాసనాలు చూసి ఉంటారు. ఫలానావాడు చెరువు తవ్వించాడు, ఫలానావాడు కాలువ తీయించాడు, ఈ ధర్మానికి అడ్డొచ్చినవాడు గోహత్యాపాపాన పోతాడు. సగం అరిగినా పేరు మాత్రం కనిపిస్తుంది. తవ్వకుండా ఆగినవాడి పేరు ఏ రాయి మీదా లేదు. రాజుల కాలంలో లేనిది ఓట్ల కాలంలో ఎక్కడినుంచి వస్తుంది? వేసిన బోరుకు రిబ్బను కట్టవచ్చు, మొదటి నీళ్లు నెత్తిన చల్లుకుని ఫోటో దిగవచ్చు. వేయని బోరు ముందు ఎవరు నిలబడతారు? తరువాత హేమావతి సర్పంచి అయింది. ఆమె చేసిన పెద్ద పనేదో చూపించమంటే చూపడానికి ఏమీ లేదు. పదకొండు బోర్లు పదకొండుగానే ఉన్నాయి, వాటిలో నీళ్లున్నాయి, అంతే. ఆపైన నాలుగేళ్లు వానలు బాగా పడ్డాయి. ఎండలో చేసుకున్న కట్టుబాటు వానలో బరువనిపించడం మొదలైంది.

అట్లాంటి సమయంలో పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. హేమావతి మీద పోటీకి దిగిన జగదీష్ కాంట్రాక్టు పనులు చేసే మనిషి, నలభై దాటలేదు, నవ్వుమొహం. గెలిస్తే చేను ఉండి బోరు లేని ప్రతి ఇంటికీ బోరు అన్నాడు. గెలవకముందే ఒకటి వేసి చూపిస్తానన్నాడు. ఆ ఒకటి నల్లమ్మకు.

నల్లమ్మ మొగుడు పోయిన మనిషి. ఊరికి పైన, వానకు మాత్రమే పారే వంక అవతల ఆమెకు ఎకరన్నర ఉంది. ఒక ఉదయం ఆమె పళ్లెంలో టెంకాయ, ఆకువక్క పెట్టుకుని ఉలిగప్ప ఇంటికి వచ్చింది.

"ఏం నల్లమ్మా, ఇదేంది?" అన్నాడు ఉలిగప్ప.

"కనపడతాండ్లేదా అన్నా? టెంకాయ."

"కట్టుబాటు ఉండాది కదమ్మా."

"ఉండాది. మీకుండాది. నా చేనికి పైపే రాకపాయె. వంక దాటి ఎగువకు నీళ్లు ఎక్కించే బలం శివశంకరన్న మోటరుకు లేదంట. ఆయప్ప టమోటాకైతే రెండు గుట్టలు ఎక్కేంత బలం ఉండాది."

శివశంకర్ బోరు ఊళ్లోకెల్లా మంచి బోరు. ఎనిమిది ఇళ్ల చేలకు దాని నుంచే తడి పోతుంది. నల్లమ్మ చేను అక్కడికి రెండు వందల అడుగుల దూరం.

"మల్బరీ పెట్టుకుంటే పట్టుపురుగులు సాకుకుంటా. అన్నీ మీకే తెలుసు, నేను చెప్పేదేముండాది," అని నల్లమ్మ పళ్లెం అరుగు మీద పెట్టి పోయింది.

ఉలిగప్ప పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాడు. భార్య గోవిందమ్మ వాకిలి దగ్గర నిలబడి, "చూసేది దేనికి? తెచ్చిన టెంకాయ వాపసు పంపకూడదని మీ నాయనే చెప్పిపోయె," అంది.

"టెంకాయ పట్టనని అందరి ముందర నేనే చెప్పింటి కదమ్మే."

"అవును. నిన్ను ఎవురూ అడగందే లేచి చెప్తివి. మీటింగులో కాళ్లు నిలవవు నీకి."

సాయంత్రం జగదీష్ వచ్చాడు. "మామా, నువ్వు రాకపోతే నల్లమాడ నుంచి ఇంగొకన్ని పిల్చుకొస్తా. అయినా నీ చేతితో చూస్తేనే ఊరికి ధైర్యం. కట్టుబాటులో మొదట మాట ఇచ్చినోడివి నువ్వే కదా. నువ్వే పట్టినాక ఇంగెవరికి అడ్డం?" దాపరికం లేకుండా చెప్పాడు, అందుకే కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

అతను పోయాక హేమావతి వచ్చింది. "చిన్నాయనా, నువ్వు టెంకాయ పట్టినావంటే వారం లోపల ముప్పై బోర్లు లేస్తాయి. రెండేండ్లలో పదకొండూ ఎండిపోతాయి."

"నల్లమ్మకు ఏం చెప్పమంటావు?"

"ఎలక్షన్లు కానీ. శివశంకర్‌తో నేను మాట్లాడతా."

"ఏడేండ్లు మాట్లాడలేదే."

హేమావతి కొంగు సరిచేసుకుంది. "ఆయప్ప మాట మీద నలభై ఓట్లుండాయి చిన్నాయనా. నేను ఓడిపోతే కట్టుబాటు మిగుల్తాదా? నలభై ఓట్ల కోసం ఒక చేనును వదిలేసినా. తప్పే. నువ్వు చేసిపెట్టు లెక్క."

ఆ లెక్క ఉలిగప్పకు తేలలేదు. టెంకాయ పట్టకపోతే నల్లమ్మకు అన్యాయం, నాయన మాటకు తప్పడం. పడితే ఊరి నీళ్లు పోవడం, అదీ తన చేతిమీదుగా. ఓబుళప్పది ఒక్క కొంప. ఇది నూట అరవై.

మూడో రోజు పొద్దున్నే తమిళనాడు నంబరుతో బోరు బండి వచ్చి వంక గట్టు మీద ఆగింది. వెనకే ఊరంతా వచ్చింది. జగదీష్ సున్నం డబ్బా తెప్పించాడు, గుర్తు వేయడానికి. హేమావతి ఒక పక్క, శివశంకర్ ఇంకో పక్క. ఉలిగప్ప పళ్లెంలోని టెంకాయే తీసుకుని వచ్చాడు. చెప్పులు విడిచాడు.

"పట్టనంటివే చిన్నాయనా," అంది హేమావతి మెల్లగా.

"తెచ్చిన టెంకాయ వాపసు పంపేకి నాకు చేతకాదమ్మా."

చేను రెండు సార్లు చుట్టాడు. ఏమీ లేదు. మూడోసారి ఉత్తరపు మూల, కానుగ మాను దగ్గర టెంకాయ కదిలింది, పిలకెత్తి లేచి నిలబడింది. అక్కడే నీళ్లుండాలని ఆయనకు ముందే తోచింది. తోచకుండా ఉంటే బాగుండు అనుకున్నాడు.

"ఏయండప్పా సున్నం," అన్నాడు జగదీష్.

"ఉండబ్బా. టెంకాయ ఇంకా పండుకోలేదు."

ఉలిగప్ప నడుస్తూనే ఉన్నాడు. చేను గట్టు దాటాడు. జనం వెనకే కదిలారు. వంకలోకి దిగాడు. వంక మధ్యలో, ఇసుక మీద, టెంకాయ మెత్తగా ఒరగడం మొదలుపెట్టింది. నీటి జాడ అక్కడితో ఆగిపోయింది. నల్లమ్మ చేని కింద ఉన్నది వేరే నీళ్లు, ఆమె సొంత నీళ్లు. నలభై ఏళ్లలో ఎన్నడూ చేయని పని అప్పుడు చేశాడు. బొటనవేలు టెంకాయ వెనక్కి జరిపి, ఒరగకుండా పట్టుకున్నాడు. అట్లాగే వంక ఎక్కి, శివశంకర్ బోరు దాకా నడిచాడు. మోటరు పక్కన ఆగి వేలు వదిలాడు. టెంకాయ ఒరిగి, బోరు నీళ్ల మీద తిరిగి లేచింది.

"చూస్తిరి కదా. ఆడిదీ ఈడిదీ ఒకే నీళ్లు," అన్నాడు. "ఆడ పొడిస్తే ఈడ గాలి తోల్తాది. బండి రెడీగా ఉండాది, మీ ఇష్టం."

ఎనిమిది ఇళ్లవాళ్లూ అక్కడే ఉన్నారు. వాళ్లలో మూడు ఇళ్లు జగదీష్ వెంట తిరిగేవి. ముందుగా వాళ్లే సణిగారు. ఎవరో శివశంకర్ వైపు తిరిగి, "ఏమన్నా, ఆయమ్మకు పైపు ఇచ్చింటే ఇంత దూరం వచ్చేదా?" అన్నారు.

"మోటరు లాగదప్పా," అన్నాడు శివశంకర్.

"లాగకపోతే పెద్దది పెడదాం. బోరే పోతే దేన్ని లాగిస్తావు?"

"ఇప్పుడు మనం నడిచొచ్చిన దారి ఉండాదే," అన్నాడు ఉలిగప్ప, "ఆ దారంట పైపు తవ్వండి."

శివశంకర్ నేల చూశాడు. ఎనిమిది ఇళ్లు చుట్టూ నిలబడితే ఎంత పెద్ద బోరు గల మనిషికైనా ఎటూ దారి ఉండదు. సరేనన్నాడు. అయిదు రోజులకొక తడి.

అప్పుడు చూడాలి జగదీష్ తెలివి. రెండు క్షణాలు కూడా ఆలోచించలేదు. "పైపు, మోటరు అన్నీ నావి. నల్లమ్మక్కకు మాట ఇచ్చినా, నీళ్లిస్తానంటి, ఇస్తాండా," అన్నాడు. బోరు బండి వచ్చిన దారినే పోయింది. నాలుగో రోజుకు పైపు మీద మట్టి కప్పారు, అయిదో రోజుకు వంక గట్టున జగదీష్ చేతులు జోడించిన ఫ్లెక్సీ లేచింది.

"ఏడేండ్లు కాపాడింది మేము, బొమ్మ ఆయప్పది," అంది హేమావతి ఉలిగప్పతో. పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయింది.

విచిత్రమేమంటే, గెలిచిన జగదీష్ ఆ తరువాత ఒక్క బోరూ వేయించలేదు. తన బొమ్మ కట్టిన పైపు ఎండిపోతే తన పేరే కదా ఎండేది. అడిగినవాళ్లకల్లా, "మన ఊళ్లో కట్టుబాటు ఉండాది కదప్పా," అంటున్నాడు, తానే పుట్టించినట్టు. రాజకీయాన్ని తిట్టుకుంటూ తిరిగేవాళ్లకు ఈ సంగతి మింగుడుపడదు.

ఉలిగప్పకు మింగుడుపడనిది వేరే. ఊరు మిగిలింది, నిజమే. కానీ నల్లమ్మ తెచ్చిన టెంకాయ నిలబడిన మాట నిజం, అది చెప్పినదాన్ని ఆయన మార్చి చెప్పాడు. ఇంకెవరికి చెప్పినా చెప్పకపోయినా ఆమెకు చెప్పాలి. చెబితే ఏమవుతుందో తెలుసు. ఆమె వీధిలో నిలబడి ఒక్క మాట అంటే చాలు, మళ్లీ బండి వస్తుంది. నెలన్నర మనసులోనే తిప్పుకున్నాడు.

చివరికి ఒక తడి రోజున వంక దాటి పోయాడు. మల్బరీ కొమ్మలు మోకాలెత్తు లేచాయి. నల్లమ్మ కాలువలో పారతో మట్టి మళ్లిస్తోంది.

"నల్లమ్మా, నీ చేను కింద నీళ్లు నీవేనమ్మా. ఆ పొద్దు వంకలో ఆగిపోయినాయి. శివశంకర్ బోరు దాకా రాలేదు. నేను..."

"బొటనవేలు పెడితివి," అంది నల్లమ్మ, పార ఆపకుండా. "నేను నీ పక్కనే నడుస్తాంటి కదన్నా."

ఉలిగప్ప కాలువ గట్టున కూర్చున్నాడు.

"చెప్పలేదే మరి," అన్నాడు.

"బోరు వేసింటే నీళ్లు పడునో పడకపోవునో. ఓబుళప్పన్నకు నాలుగు ఏస్తిరి." పార గట్టున గుచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "పైపులో నీళ్లు వచ్చినంత కాలం నేనేమీ చూడలేదన్నా. నీళ్లు నిలబెట్టిన పొద్దు, చూసినా. ఊరందరికీ చెప్తా."

ఆ మాటలో కోపం లేదు. సంతలో ధర చెప్పినట్టు చెప్పి, మళ్లీ పార అందుకుంది.

బయటి ఊళ్ల నుంచి టెంకాయ తెచ్చినవాళ్లను ఉలిగప్ప ఇప్పుడు వెనక్కి పంపేస్తున్నాడు. ముసలితనం, చెయ్యి వణుకుతోంది అంటాడు. కానీ నల్లమ్మ తడి రోజు వచ్చిందంటే, కాఫీ కూడా తాగకుండా చెప్పులు వేసుకుని శివశంకర్ మోటరు దగ్గరికి పోతాడు. వంక వైపు గేటువాల్వు తానే తిప్పుతాడు. "నేను తిప్పనా మామా, మోసం చేస్తానా?" అంటాడు శివశంకర్. "అనుమానం నీ మీద కాదులేప్పా," అని ఉలిగప్ప పైపు వెంట ఎగువకు నడుస్తాడు, నీళ్లు ఆ చివర పడేదాకా.