గుంట అడుగున పలక

ఇంకొంచెం దగ్గరికి జరగండి, చాట మధ్యలో పెట్టుకుందాం. చేతులు కందికాయలు వలుస్తుంటే చెవులకు పనుండదు కదా, వాటిని నాకివ్వండి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఏ ఏడు ఏ మొక్క పెంచామో, ఏది ఏ ఊరికి పోయిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

అటవీ శాఖలో నా కొలువు ముగియడానికి ఆరేళ్ల ముందు, మృగశిర కార్తె వచ్చిన మూడో రోజున, నన్ను గిద్దలూరు పక్క నుంచి కొమరోలు దారిలో ఉన్న నర్సరీకి మార్చారు. మా కొలువులో అందరికంటే కింది మెట్టు వాచర్. ఆ పైన బీట్ ఆఫీసరు, ఆయన పైన సెక్షన్ ఆఫీసరు, అందరి పైనా రేంజరు. రోజుకూలీగా మట్టి సంచులు నింపుతూ చేరిన నేను పదిహేనేళ్లకు వాచర్‌గా ఖాయమయ్యాను. పేరుకు వాచర్‌నే గానీ చేసేది మేస్త్రి పని. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పేడ కలిపి, జల్లించి, నల్ల సంచుల్లో నింపించాలి. మొక్క లేచాక నెలకోసారి సంచులన్నిటినీ ఎత్తి పక్కకు జరిపించాలి. జరపకపోతే వేరు సంచి చిల్లు దాటి నేలలోకి దిగుతుంది, తీసేనాడు తెగుతుంది. సంచి కింద బండ ఉంటే వేరు లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. ఆ చుట్ట పడిన మొక్క ఎంత పచ్చగా కనబడినా నేను రైతు చేతికిచ్చేదాన్ని కాదు.

ఆ ఏడు కొత్త పథకం వచ్చింది. సొంత పట్టా చేలో చేనంతా చెట్లు పెట్టుకునే రైతుకు మొక్కలు ఉచితం, మూడేళ్లపాటు బతికిన మొక్కను బట్టి పోషణ ఖర్చు. ఒప్పుకునే రైతులను వెతకమని సెక్షన్ ఆఫీసరు నాకు నాలుగు ఊళ్లు అప్పగించాడు. ఇన్ని ఎకరాలు కుదర్చాలని లెక్క కూడా పెట్టాడు.

అట్లా చెన్నయ్య గడపకు పోయాను. గుట్ట కింద మూడెకరాల చేను, యాభై గొర్రెలు, ఇదీ ఆయన సంసారం. సజ్జ, కంది కోసుకున్నాక మందను ఆ చేలోనే ఆపేవాడు. గొర్రెల ఎరువుతోనే ఆ నేల పండేది. చేనంతా చెట్లు పెడితే మంద నిలవడానికి చోటుండదు, లేత మొక్కల మధ్య గొర్రెలను వదలలేం. అంటే చెట్లు కావాలంటే మంద పోవాలి. చెన్నయ్య ఆ ఆలోచనలోనే ఉన్నాడు.

"నా మోకాళ్లు ఇంక మంద ఎనక నడవవు అక్కా. చెట్టయితే ఒక్కచోటే నిలబడతాది గదా!" అన్నాడు.

ఆయన భార్య ఓబులమ్మ దొడ్లో నుంచే అందుకుంది. "నిలబడేదాని పక్కన నువ్వూ నిలబడు. సుట్టాలొస్తే చెట్టును కోసి కూరొండుతా. ఏంది వదినా, ఊరంతా వదిలి మా గొర్రెల మీద పడినాయి నీ కండ్లు?"

నేను నవ్వి కాగితం తీశాను. జామాయిల్ మొక్కలకు చెన్నయ్య వేలిముద్ర వేశాడు.

ఆరుద్ర దాటకముందే ఇంకో ఉత్తరువు దిగింది. జామాయిల్ నీళ్లు లాగేస్తోందని ఎక్కడినుంచో అభ్యంతరాలు వచ్చాయట. పట్టా చేలకు జామాయిల్ వద్దు, టేకు అయితేనే పోషణ ఖర్చు అన్నారు. మళ్లీ నేనే పోయి చెప్పాలి. నన్ను దూరం నుంచి చూడగానే ఓబులమ్మ, "ఈ తూరి నీ కాగితంలో ఏ చెట్టు మొలిచినాది వదినా?" అని అడిగింది. టేకు అన్నాను. "మంచిదే. వచ్చే వారానికి కొబ్బరి మొలుస్తాదిలే" అంది. చెన్నయ్య మాత్రం టేకయితే ఇంకా మేలన్నాడు. పాత కాగితం చించి కొత్తదాని మీద వేలిముద్ర వేయించాను. కనిగిరి గొర్రెల వ్యాపారి గురువారం లారీ తెస్తానన్నాడనీ, మంద మొత్తం ఇచ్చేస్తున్నాననీ అప్పుడే చెప్పాడు. ఓబులమ్మ ఆ రోజు నాకు మజ్జిగ ఇవ్వలేదు.

మొక్క ఇచ్చే ముందు గుంటలు కొలవాలి. అది మా పద్ధతి. పొడవు, వెడల్పు, లోతు మూడూ అడుగున్నర ఉండాలి. కొలత పుల్ల మునిగితే ఫారంలో టిక్కు పెట్టడమే. మంగళవారం పొద్దున నేను చేరేసరికి చెన్నయ్య గుంటలన్నీ తీయించి ఉన్నాడు. దారం కట్టినట్టు వరసలు. పుల్ల దించుతూ, టిక్కులు పెడుతూ పోతున్నాను. నాలుగో వరసకు వచ్చేసరికి ఓబులమ్మ గడ్డపార భుజాన వేసుకుని వచ్చింది.

"పుల్ల మునిగితే సాలునా వదినా? వాన పడిన మూడో రోజుకే ఈ పడమటి పక్క సజ్జ తల వాలుస్తాది. అవతల పక్క వారమైనా వాలదు. ఎందుకో మీ ఆఫీసులో ఎవురికన్నా తెలుసునా?"

"పని సూసుకోనీవే!" అన్నాడు చెన్నయ్య.

ఆ మాటకు నా చెయ్యి ఆగింది. నేల కింద తడి నిలవకపోతేనే పైరు అట్లా వాలుతుంది. ఇది మొదటి రోజే నేను అడిగి ఉండాల్సిన మాట. ఎకరాల లెక్క నింపాలనే తొందరలో అడగలేదు. తప్పు నాదే. గడ్డపార తీసుకుని గుంట అడుగున పోటు వేశాను. జానెడు దిగి ఖంగుమంది. మట్టి తోడి చూస్తే నల్లటి పలక రాయి, పరిచినట్టు చదునుగా ఉంది. మా పక్క ఆ రాయి ఎక్కడ పైకి తేలుతుందో, ఎక్కడ లోతుకు పోతుందో పైనుంచి చూసి చెప్పడం కష్టం. పదకొండు గుంటల్లో పోటు వేశాను, తొమ్మిదింటిలో ఖంగుమంది. తూర్పున వంక ఒడ్డునున్న రెండింటిలోనే గడ్డపార నడుము దాకా దిగింది.

మధ్యాహ్నం సెక్షన్ ఆఫీసరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, పని ఒత్తిడి మనిషి. ఫారం తిప్పి చూపించి, గుంట కొలత రాయమన్నారు, కొలత సరిపోయింది, అడుగున ఏముందో రాసే గడి ఇందులో లేదు కదా అన్నాడు. నిజమే, లేదు.

బుధవారం పొద్దున నర్సరీలో సిమెంటు గచ్చు మీద మిగిలిపోయిన టేకు మొక్క ఒకటి తీసుకుని చెన్నయ్య దగ్గరికి పోయాను. రెండేళ్ల మొక్క, మోకాలి ఎత్తు కూడా లేదు. ఆయన ముందే సంచి చించాను. లోపల మట్టి కంటే వేళ్లే ఎక్కువ, పేనిన తాడులా చుట్టుకుని ఉన్నాయి.

"ఇది రెండేళ్లది తమ్ముడా. కింద గచ్చు తగిలినాది, ఆడికే ఆగిపోయినాది. నీ చేను కిందా గచ్చే ఉండాది. కాగితం ప్రకారం నీకు మొక్కలివ్వాల, ఇస్తా. మొదటి ఏడు ఖర్చు కూడా వస్తాది. ఆ పైన ఈ చెట్టు పెరగదు, అమ్మిన మంద తిరిగి రాదు."

ఆయన ఆ వేరు చుట్టను వేలితో విప్పబోయాడు. అది విడిపోలేదు.

"మరి నా మోకాళ్ల సంగతేందక్కా?" అన్నాడు.

ఓబులమ్మ గోడకు ఆనించిన ఆయన మంద తోలే కర్రను తన చేతిలోకి తీసుకుని, "సంగటి కెలికేదానికి మోకాళ్లెందుకు? చేతులు బాగానే ఉండాయి గదా" అంది.

గురువారం లారీ వచ్చి ఖాళీగా పోయింది. గుంటలన్నీ పూడ్చి సజ్జ చల్లారు. వంక ఒడ్డున నేల లోతున్న చోట ఒక్క వరస టేకు పెట్టాడు. చేనంతా పెట్టలేదు కాబట్టి దానికి పథకం వర్తించలేదు. నా ఎకరాల లెక్క తగ్గినందుకు నాకు మెమో వచ్చింది, నాలుగు నెలలు నన్ను మళ్లీ సంచులు నింపే పనికి పెట్టారు.

మరుసటి ఏడు ఇంకో ఉత్తరువు వచ్చింది. ఇకపై గట్ల మీది చెట్లకే ఖర్చు, చేనంతా పెట్టినవాళ్లకు ఇవ్వబోమన్నారు. అంతకుముందు పెట్టినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. వంక అవతల ఒక రైతు చేనంతా టేకు పెట్టాడు. ఆయనకూ ఖర్చు ఆగింది గానీ నేల లోతుది కాబట్టి చెట్లు ఆగలేదు. అందుకని చెట్లు పెట్టడం తప్పని నేను ఎవరికీ చెప్పను.

మొన్న కొమరోలు బస్టాండులో చెన్నయ్య కనబడ్డాడు. వంక ఒడ్డున పదిహేడు చెట్లు నిలిచాయట. ఎండపొద్దు మంద వాటి నీడకే చేరుతోందట. "సంగటి కూడా ఉండ కట్టకుండా కెలుకుతాండా అక్కా, మీ మరదలే ఒప్పుకున్నాది" అన్నాడు.

ఆ కొలువులో నేను నేర్చుకున్నది ఇంతే. ఉత్తరువు ఏటా మారుతుంది, పలక మారదు. ముందు గడ్డపార దించాలి, వేలిముద్ర ఆ తరవాత. నేల సంగతి చేను చూసే ఆడమనిషిని అడగాలి, మొదటి రోజే అడగాలి.

చాట నిండింది, ఇక లేవండి. మీ ఇంటి చేలో గడ్డపార నడుము దాకా దిగనీ, మీ దొడ్డి ఎన్నడూ ఖాళీ పడకుండనీ, మీ పొయ్యి దగ్గర ఎవరి చెయ్యి కెలికినా సంగటి ఉండ కట్టకుండనీ.