తక్కెడ దిగమన్న మేనత్త

మా మేనత్త ఇక లేదని మరదలు ఫోన్ చేసినప్పుడు నేను జనగామ కలెక్టరేట్‌లో ధాన్యం కొనుగోళ్ల మీద జరుగుతున్న విలేకరుల సమావేశంలో ఉన్నాను. "బావా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, మంచంల ఒరిగింది, గంతే" అంది. ఫోన్ పెట్టేసి మళ్లీ లోపలికి వెళ్లి, అధికారి చెప్పేదంతా చివరిదాకా రాసుకున్నాను. వృత్తి అలవాటు అని సర్దిచెప్పుకోవచ్చు. నిజం అది కాదు. ఆ ఊరికి వెళ్లి ఆమె ముఖం చూడటాన్ని ఎంతసేపు వాయిదా వేయగలిగితే అంతసేపు వేద్దామనిపించింది. ఎందుకో చెబుతాను.

ఆమె మా బాపుకు చెల్లెలు. పెద్దవంగర దగ్గర మా ఊళ్లో పుట్టి, మహదేవపూర్ వైపు గోదావరి ఒడ్డున ఒక పల్లెకు కోడలుగా వెళ్లింది. అక్కడే వరి వేసింది, అక్కడే ముసలిదైంది. చూసినవాళ్లెవరూ ఆమెను భక్తురాలు అనరు. ఇంట్లో పూజగది లేదు. గూట్లో ఒక దీపం ఉండేది, నూనె ఉన్న రోజు వెలిగేది. వాన రాకపోతే ఆకాశం వైపు చూసి పక్కింటి మనిషిని తిట్టినట్టే దేవుణ్ని తిట్టేది. టీవీ సీరియల్లో కోడలిని ఏడిపించే అత్త కనబడితే చీపురు ఎత్తేది. వేడి చాయ్‌ను సాసర్లో పోసి, ఊది ఊది చల్లార్చి, నా ముందు పెట్టేది. నాకు యాభై దాటాక కూడా అదే వరస.

నేను బస్సు దిగగానే ఆమె మొదట చూసేది నా ముఖాన్ని కాదు, పొట్టని. కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "మల్ల బరువెక్కినవ్ అల్లుడా. జర తక్కువ తిను. నాకు బెల్లం మోసే సత్తువ లేదు" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

ఆ మాట వెనక ఒక మొక్కు ఉంది. చిన్నప్పుడు నాకు మెదడువాపు జ్వరం వచ్చింది. వరంగల్ దవాఖానలో పడేశారు. మా అమ్మ ఏడుస్తూ కూర్చుంటే, మేనత్త వార్డు బయట నిలబడి, "పోరడు లేచి కూసుంటే నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ" అని సమ్మక్కకు మొక్కింది. మా వైపు ఆ తల్లికి ఇచ్చే బంగారం అంటే బెల్లం. ఎవరి పేరున మొక్కారో ఆ మనిషిని తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం దిమ్మెలు పేరుస్తారు. తూగిన బెల్లాన్ని జాతరకు తీసుకెళ్లి గద్దె దగ్గర సమర్పించి, కొంత తెచ్చి వాడకట్టంతా పంచుతారు.

నేను లేచి కూర్చున్నాను. కానీ బాపు నన్ను తూచనివ్వలేదు. ఆయనకు దేవుళ్ల మీద నమ్మకం లేదు, పార్టీ మీద ఉంది. "వాడు సూదితోని బతికిండు, బెల్లంతోని కాదు" అన్నాడు.

"సూది డాక్టరే ఇచ్చిండు అన్నా, నేను కాదంటున్ననా? గా సూది ఎక్కేదాంక పానం ఆగాలె గద. ఆపింది ఎవలు?" అంది అత్త.

అయినా బాపు ఒప్పుకోలేదు. ఆయన తర్వాత ఆ పట్టుదల నాకు వచ్చింది. నేను పెరిగినకొద్దీ మొక్కు బరువూ పెరిగింది. "అప్పుడే తూచి ఉంటే ఒక్క సంచితోని అయిపోతుండె. మా అన్న పార్టీ పాడుగాను, నాకు బండెడు బెల్లం చేసి పెట్టిండు" అని ఆమె వచ్చినవాళ్లకల్లా చెప్పేది.

రెండేళ్లకోసారి జాతర వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆమె అడిగేది. ప్రతిసారీ నాకు డ్యూటీ ఉండేది. ఆ డ్యూటీ జాతరలోనే.

"తల్లి కాడికే పోతవ్, ఫోటోలు తీస్తవ్, ఇంత బెల్లం ఇయ్యరాదు?"

"వార్త రాయనీకి పోతున్న అత్తా, మొక్కనీకి కాదు."

"గట్లనా? పెండ్లికి పోయి అన్నం తినకుంట వస్తవా మరి?"

తీరని మొక్కు ఎవరి పేరున ఉంటే వాళ్లకే కీడు తెస్తుందని ఆమె నమ్మకం. నాకు చిన్న దెబ్బ తగిలినా, బీపీ పెరిగినా ఆమెకు నిద్ర ఉండేది కాదు. నేను దాన్ని మూఢనమ్మకం అనేవాణ్ని. వయసు మీద పడుతోంది, తను పోయేలోగా దీన్ని దించేయాలి అన్నది ఆమె తొందర. ఆమెకు ఇంకే కోరికా ఉన్నట్టు నాకు తెలియదు.

పోయిన చలికాలంలో ఆదివారం అనుబంధానికి ఒక వ్యాసం రాయమని మా పత్రిక డెస్క్ అడిగింది. ఆధునిక సమాజంలో మత విశ్వాసం క్రమంగా అంతరించిపోతుందా అన్నది విషయం. ఇద్దరు ప్రొఫెసర్లతో మాట్లాడాను. తర్వాత ఎందుకో అత్తకూ ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను.

"దేవుడు పోతడా అని అడుగుతున్నవా? యాడికి పోతడు? పోతే పండుగలు ఎవలు జేస్తరు, కల్లు ఎవలు తాగుతరు?" అని నవ్వింది. ఇప్పుడు ఫోన్‌లో డబ్బు కడితే మొక్కు బెల్లం వాళ్లే సమర్పిస్తారని చెప్పాను. "మంచిదే. మరి బరువెట్ల తెల్వాలె? రేపు నేను పోతే దినాలు గూడ ఫోన్లనే పెడ్తరా?" అంది. మళ్లీ తనే, "నువ్వు నమ్మకు అల్లుడా. ఒక్కసారి కూసోని లెవ్వు. నీదేం పోతది?" అంది.

ఆ గొంతులో అలసట వినిపించింది. సరే అన్నాను. తనే జనగామ వస్తే తక్కెడలో కూర్చుంటానన్నాను. అంత దూరం రాదులే అనుకున్నాను. ఈ మాఘంలో, జాతరకు కొద్ది రోజుల ముందు, మరదలిని వెంటబెట్టుకుని భూపాలపల్లి మీదుగా, హన్మకొండలో బస్సు మారి వచ్చేసింది. దిగుతూనే, "తల్లేమో మా దిక్కున్నది, బరువేమో జనగామల ఉన్నది. గిదేం కత?" అంది.

జాతర రోజుల్లో మా బజారులో బెల్లం దుకాణాల ముందు మూడు కర్రలు పాతి పెద్ద తక్కెడలు వేలాడదీస్తారు. మా ముందు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువ జంట ఉంది. ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగులు. అతను తక్కెడలో కూర్చుని రెండు వేళ్లు చూపిస్తే ఆమె నవ్వుతూ వీడియో తీసింది. వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత నేను చెప్పులు విడిచి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. దుకాణదారు అటువైపు దిమ్మెలు పేర్చసాగాడు. అత్త కొంగు నెత్తిన కప్పుకుని, పెదాలు కదుపుతూ నిలబడింది. ఆమె ముఖం అంత తేటగా ఉండటం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

అప్పుడు ఎదుటి చాయ్ హోటల్ ముందు వేరే పత్రికల విలేకరులు ఇద్దరు కనిపించారు. ఒకతను ఫోన్ పైకెత్తాడు. నేను చేతిరుమాలు తీసి, చెమట తుడుచుకుంటున్నట్టు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మాఘమాసపు పొద్దున ఎవరికీ చెమట పట్టదు.

అత్త నా రుమాలు చూసింది. తర్వాత చాయ్ హోటల్ వైపు చూసింది.

"ఏంది అల్లుడా, మొఖం దాసుకుంటున్నవ్?"

"ఏం లేదత్తా. జర జల్ది కానియ్యమను."

"సిగ్గైతుందా?"

నేను రుమాలు దించలేదు.

"దిగు."

"అయిపోవచ్చింది అత్తా, ఇంక రెండు దిమ్మెలే."

"దిగుమన్న గద. నువ్వు నమ్మవని నాకెరుకే. నమ్మకున్నా నడుస్తది, తల్లికి నీ బరువు చాలనుకున్న. గని గిట్ల సిగ్గుపడుకుంట ఇస్తే దొంగసొమ్ము ఇచ్చినట్టుంటది. వద్దు. దిగు."

"అవ్వా, సారు సిగ్గును గూడ తూచాల్నంటే ఇంకో సంచి విప్పాలె" అన్నాడు దుకాణదారు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అత్త కూడా నవ్వింది, కానీ నా వైపు చూడలేదు. నేను దిగి చెప్పులు వేసుకున్నాను. మీటింగ్ ఉందని మరదలికి చెప్పి బండి ఎక్కాను. ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు, హాయి. అది కూడా చెప్పాలి.

ఇన్నేళ్లూ నన్ను ఆ తక్కెడకు దూరంగా ఉంచింది హేతువాదమే అనుకున్నాను. హేతువాదమే అయితే ఇద్దరు విలేకరులను చూసి ముఖం కప్పుకోదు. ఊళ్లో ఎవరికీ తెలియకుండా తూచుకునే వీలుంటే ఎప్పుడో తూచుకుని ఉండేవాణ్నేమో. ఆ వారమే నా వ్యాసం అచ్చయింది. చదువు, నగరం, విజ్ఞానం అన్నీ అందులో ఉన్నాయి. ఆ తక్కెడ లేదు. విశ్వాసం అంతరిస్తుందా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు బజారులో అవిశ్వాసి ఒక్కడే సిగ్గుపడ్డాడు. అంతవరకు నేను కళ్లారా చూసిన సంగతి.

అంత్యక్రియలకు అందుకోలేకపోయాను. మూడో రోజున వెళ్లాను. వాకిట్లో షామియానా కింద కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె నన్ను చూడగానే లేచి వచ్చింది. "మీ అత్త మొక్కు తీర్చినవట బిడ్డా, మంచి పని చేసినవ్. మాకందరికీ బంగారం పంచింది" అంది. పక్కనే ఉన్న ఇంకొకామె అందుకుంది: "'మా అల్లుడు జనగామ బజార్ల, పదిమంది జూస్తుండంగ, నెత్తి ఎత్తుకోని కాంట మీద కూసున్నడు' అని ఎంత సంబురంగ చెప్పిందో."

నేను మరదలిని ఇంటి వెనక బోరింగు దగ్గరికి పిలిచాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. నేను వెళ్లిపోయాక అత్త తక్కెడలో ఉన్న బెల్లమంతా మూట కట్టించిందట. ఇంటికి రాగానే ఇల్లిల్లూ తిరిగి పంచిందట.

"గద్దె కాడికి?"

"అది తీస్కపోలే బావా. ఉత్త చేతులతోని పోయింది. 'పోరని మీదున్న మొక్కు తీసెయ్ తల్లీ, మాట ఇచ్చింది నేను, బాకీ ఉంటే నా మీద ఉండని' అన్నది. పక్కనే ఉన్న, నాకు ఇనపడ్డది."

"మరి ఊళ్లె గట్లెందుకు చెప్పింది?"

"నిన్ను ఎవలన్న ఒక మాటంటరని."

"అబద్ధం గదా."

"అమ్మ నీ కోసం ఒక్కటే ఆడింది బావా. నువ్వు పేపర్ల ఎన్ని రాయలే?" అంది. కోపంగా అనలేదు.

దీన్ని రాయవచ్చా అని ఆమెనే అడిగాను. "రాయి. అమ్మ పేరు, ఊరి పేరు పెట్టకు. ఊరోళ్ల ముందట ఆమె మాట పోవద్దు" అంది. అందుకే రెండూ పెట్టలేదు.

మళ్లీ వాకిట్లోకి వచ్చేసరికి మగవాళ్లు జంపఖానా మీద కూర్చుని ఉన్నారు. పక్కింటి తాత, అత్తతో ఏళ్ల తరబడి పొలం గట్టు కోసం కొట్లాడినవాడు, నన్ను పిలిచాడు.

"అల్లుడా, నాకు ఎప్పుడు మొక్కు పడలే. అడుగుతున్న, చెప్పు. గా కాంట మీద కూసున్నప్పుడు ఎట్లనిపించింది?"

ఎదుటివాణ్ని ఇలా ప్రశ్న అడిగి, జవాబు కోసం ఎదురుచూడటమే నా పని. ఇప్పుడు అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. విస్తరాకులు పట్టుకుని గడపలో నిలబడ్డ మరదలు కూడా నన్నే చూస్తోంది. కప్పుకోవడానికి చేతిలో ఏమీ లేదు.

"సిగ్గైంది తాతా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "కాదా మరి! తల్లి ముందట ఎంతటోనికైన సిగ్గే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అవునన్నట్టు గొణిగారు. తాత కాస్త పక్కకు జరిగి, తను కూర్చున్న చోటునే అరచేత్తో రెండుసార్లు దులిపి, కూర్చోమని నాకు చూపించాడు.